కొమర్రాజు లక్ష్మణరావు

పశ్చిమాసియాలోని అతిప్రాచీన లిపికి క్యూనిఫారమని పేరు. లాటిను భాషలో క్యూనియస్ అనగా ఒక కొన వెడల్పై, రెండవ కొన సన్ననైన చీల. రెల్లుపుల్లతో పచ్చిమట్టి పలకలపై నొక్కిన గుర్తులు ఆ యాకారమున నుండును. ఇట్టి గుర్తులే పారసీకుల ప్రాచీన నగరపు రాళ్లపై గలవు. 1700లో తామస్ హైడ్ అను ఆంగ్లపండితుడు వానికి చీలరూపమును బట్టి ఆ పేరు వాడెను. అయితే అవి వ్రాతయని నమ్మక, శిల్పుల అలంకారము లనుకొనెను. 1802లో గ్రోటెఫెండ్ అను జర్మను ఉపాధ్యాయుడు వానిలో రాజుల పేర్లు చదివెను. చదువరి లేనినాడు అక్షరము వట్టి గీత గదా!

తెలుగునాట శాసనములకును చిరకాల మిదే గతి పట్టెను. శాసనమనగా ఆజ్ఞ. రాజులు తమ ఆజ్ఞలను, దానములను రాతిపై చెక్కించిరి. చదువువారు లేక అవి మూగవోయెను. వానికి మరల మాట వచ్చుటకు పాటుపడినవారిలో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు ముఖ్యులు.

వారు 1877 మే 18వ తేదీన కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. భువనగిరిలో అన్నగారి యొద్దను, నాగపురమున అక్కగారైన బండారు అచ్చమాంబగారి యింటను విద్య సాగెను. ఎం. ఏ. పట్టము పొందిరి. మరాఠీలో వ్యాసములు వ్రాయునంతటి పాండిత్యము గడించిరి.

మేళ్లచెరువు నుండి కోదాడ చేరి, హైదరాబాదు బాట పట్టినచో మునగాల వచ్చును. ఆ సంస్థానాధిపతి నాయని వేంకట రంగారావుగారు లక్ష్మణరావుగారిని దివానుగా నియమించిరి. కొలువు పనితో వారు తృప్తి చెందలేదు. రాజాగారు మొదలగువారి తోడ్పాటుతో 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. చరిత్రను, ప్రకృతి శాస్త్రములను తెలుగువారికి తెలుగుననే అందింపవలెనని వారి పట్టుదల. శాసనములను పరిశీలించి చరిత్ర వ్యాసములు రచించిరి.

పిమ్మట ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. ప్రపంచ విజ్ఞానమును తెలుగున చెప్పుటకు తగిన మాటలు వెదకవలసి వచ్చెను. లేనిచోట కూర్చవలసి వచ్చెను. ఆ పనిలో వారికి తోడ్పడిన యువకుడు మల్లంపల్లి సోమశేఖరశర్మగారు తరువాత శాసన పరిశోధకులుగా ప్రసిద్ధికెక్కిరి. ఉబ్బసము పీడించుచున్నను లక్ష్మణరావుగారు కలము విడువలేదు. 1923 జూలై 12వ తేదీన, నలుబదియారేండ్లకే, మద్రాసున పరమపదించిరి. విజ్ఞానసర్వస్వ మప్పటికి అక్షరమాల తొలి మెట్టుననే నిలిచిపోయెను.

వారి ఆశయము మాత్రము ఆగలేదు. హైదరాబాదున వారి పేర వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి పల్లెపల్లెల శాసనములను సేకరించి, 1935లో తెలంగాణా శాసనములను గ్రంథమును ప్రకటించెను.

బాలురారా! మీ యూరి గుడిముంగిట, చెరువుకట్టపై, గీతలుగల పాతరాయి కనబడినచో దానిని వట్టి రాయిగా తలపవలదు. పూర్వుడొకడు మనకు చెప్పదలచిన మాట అందుండవచ్చును. దానిని కాపాడుటయే లక్ష్మణరావుగారికి మన మర్పింపగల గౌరవము.