ఆస్థాన చిత్రకారుడు వెలాస్కెజ్

స్పెయిన్ దేశపు దక్షిణభాగమున సెవిల్ అను నగరము కలదు. డీగో వెలాస్కెజ్ 1599వ సంవత్సరమున అచ్చట జన్మించెను. పండ్రెండవయేట పచేకో అను చిత్రకారునియొద్ద శిష్యుడుగా చేరెను. గురువు చిత్రకళలో శిష్యునంతటివాడు కాడు, కాని గుణగ్రాహి. 1618లో తన కుమార్తెనే అతనికిచ్చి వివాహము చేసెను.

1623లో వెలాస్కెజ్ మాడ్రిడ్ నగరమునకేగి నాలుగవ ఫిలిప్ రాజు రూపమును చిత్రించెను. రాజు సంతసించి అతనిని ఆస్థాన చిత్రకారునిగా నియమించెను. పదవి పేరునకు గొప్పదే. దినభత్యము మాత్రము రాజమందిరపు క్షురకులకిచ్చునంతయే! చేతిపనితో జీవించువాడు ఎంతటి నేర్పరియైనను ఆనాడు సేవకజనములోనే లెక్కింపబడెడివాడు.

విదూషకులును ఆ సేవకజనములోనివారే. వారిలో కొందరు మాటకారులు, కొందరు మరుగుజ్జులు. ప్రభువులకు ప్రొద్దుపోనపుడు వారిని నవ్వించుటయే వీరి పని. దేహలోపమును చూచి నవ్వుట మనకు రోత, వారికది వినోదము. వెలాస్కెజ్ ఈ విదూషకులను పెక్కుమందిని చిత్రించెను.

1635 ప్రాంతమున రచించిన పాబ్లో అను విదూషకుని నిలువెత్తు పటమును చూడుడు. పాబ్లో నల్లని దుస్తులు ధరించి, కాళ్లు ఎడముగా పెట్టి, ఒక చేయి చాచి, ఏదియో పలుకబోవుచున్నట్లుండును. వెనుక గోడ లేదు, తెర లేదు. నేల యెచ్చట ముగిసినదో తెలుపు గీతయైనను లేదు. పాదములకడ కొంచెము నీడ కలదు, అంతే. ఆ నీడవలననే అతడు నేలపై నిలిచియున్నాడని మనము నమ్ముదుము. హాస్యపు వేషమేమియు అతనికి లేదు. మోర్రా అను మరుగుజ్జు పటము ఇంకను చిత్రమైనది. అతడు కాళ్లు ముందునకు చాచి నేలపై కూర్చుండి, పిడికిళ్లు బిగించి, మనవైపే సూటిగా చూచుచుండును. ఆ చూపునెదుట నవ్వు రాదు.

1656లో రచించిన ‘లాస్ మెనినాస్’ అను పటమున రాజకుమార్తెయు, ఇద్దరు మరుగుజ్జులును, కుంచెపట్టిన వెలాస్కెజ్‌యును ఒకేచోట కానవత్తురు. అతని యెదపై నున్న ఎర్రని శిలువ పిమ్మట చేర్చినది. అది శాంటియాగో వీరసంఘపు చిహ్నము. చిత్రములమ్మి బ్రతుకలేదని సాక్షులచేత చెప్పించినగాని ఆ సంఘమున ప్రవేశము లేదు! విచారణ జరిగి, 1659లో అతనికా గౌరవము లభించెను. మరుసటియేడు, 1660 ఆగస్టు 6వ తేదీన, వెలాస్కెజ్ మరణించెను.

పాబ్లో పటము నేడు మాడ్రిడ్‌లోని ప్రాడో చిత్రశాలలో నున్నది. ఫ్రెంచి చిత్రకారుడు మానే 1865లో దానిని చూచి ముగ్ధుడయ్యెను. మరుసటియేడే అతడును సైన్యములో పిల్లనగ్రోవి నూదు బాలు నొకనిని, వెనుక గోడయు గీతయు లేకుండ, చిన్ననీడపై నిలిపి చిత్రించెను.