చెయ్యి మీద పడ్డ చుక్క: ఆర్థర్ లూస్ కథ

క్యాంపస్ కుక్కలకి బిస్కెట్లు పెట్టేవాళ్ళూ, అవి తిరిగే గ్రౌండ్‌లోనే చెప్పుల్లేకుండా వాలీబాల్ ఆడేవాళ్ళూ మనలో చాలామందే ఉన్నారు. అందుకే ఈసారి నేను ఆర్థర్ లూస్ గురించి రాస్తున్నాను.

లూస్ 1861లో జర్మనీలోని కెమ్నిట్స్‌లో పుట్టారు. లైప్‌జిగ్‌లో రుడాల్ఫ్ లూకార్ట్ దగ్గర చదువుకుని, తర్వాత కైరో వైద్య పాఠశాలలో ప్రొఫెసర్ అయ్యారు. అప్పట్లో ఈజిప్టు పల్లెల్లో ఎంతోమంది రైతులు రక్తం తగ్గిపోయి, నీరసంతో పని చేయలేకపోయేవాళ్ళు. కారణం కొంకిపురుగు, అంటే హుక్‌వార్మ్. సుమారు 1 సెంటీమీటరు పొడవుంటుంది. చిన్నపేగు గోడని పట్టుకుని రక్తం తాగుతుంది.

అది నోటి ద్వారానే లోపలికి వస్తుందని అప్పటి నమ్మకం. లూస్ కూడా గినియా పందుల నోట్లో లార్వాలున్న నీళ్ళు పోసి చూస్తున్నారు. ఆ పనిలో కొంచెం నీళ్ళు ఆయన చేతి మీద పడ్డాయి. కాసేపటికి అక్కడ ఎరుపు, మంట, దురద. ఇంకొకరైతే కడుక్కుని ఊరుకునేవాళ్ళేమో. ఆయన మాత్రం కావాలనే ఇంకో చుక్క వేసుకుని చూశారు. కొన్ని వారాలకి ఆయన మలంలోనే కొంకిపురుగు గుడ్లు కనిపించాయి.

1898లో ఈ సంగతి బయటపెడితే చాలామంది నమ్మలేదు. దాంతో కాలు తీసేయాల్సిన ఒక కుర్రాడి కాలి మీద, ఆపరేషన్‌కి గంట ముందు లార్వాలు వేశారు. తర్వాత ఆ చర్మాన్ని మైక్రోస్కోపులో చూస్తే, లార్వాలు లోపలికి దూరుతూ దొరికాయి. ఇప్పుడైతే ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఇలాంటివి చేయలేరు. మిగతా దారిని కుక్కల మీద ప్రయోగాలతో కనిపెట్టారు. చర్మం నుంచి రక్తంలోకి, ఊపిరితిత్తుల్లోకి, అక్కడి నుంచి గొంతులోకి, మింగితే పేగులోకి.

1914లో యుద్ధం రావడంతో జర్మన్ అయిన లూస్‌కి ఈజిప్టులో ఉద్యోగం పోయింది. 1923లో చనిపోయారు.

ఆయన వల్ల మనకి తెలిసింది ఇదీ: మలంతో పడ్డ గుడ్లు తడి, నీడ, వెచ్చదనం ఉన్న మట్టిలో ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. 5 నుంచి 10 రోజుల్లో ఆ లార్వాలు ఒట్టి పాదంలోకి దూరగలవు. కుక్కల, పిల్లుల కొంకిపురుగులు కూడా మన చర్మంలోకి వస్తాయి. కానీ ఎక్కువగా పేగు దాకా పోలేక అక్కడే పాకుతూ, ఎర్రటి వంకర గీతలు, భరించలేని దురద తెస్తాయి.

స్కూల్లో ఫిబ్రవరిలో మనచేత నమిలించిన ఆల్బెండజోల్ మాత్ర ఇలాంటి పురుగుల కోసమే. మాత్ర కడుపులోవాటిని చంపుతుంది, మట్టిలోవాటిని కాదు. గ్రౌండ్‌కి బూట్లు వేసుకెళ్దాం. బిస్కెట్లు పెట్టే కుక్కలకి పశువుల డాక్టర్‌ని అడిగి పురుగుల మందు కూడా వేయిద్దాం.