కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు

కొన్ని యూళ్ల దేవాలయములలో ప్రాకారపు మూలనో, మండపము చెంతనో అక్షరములు చెక్కిన రాయి కనిపించును. బాలురు దానిపై నెక్కి యాడుకొందురు. నిక్షేపము జాడ యందు వ్రాసియున్నదని పెద్దలలో సైతము కొందఱు నమ్ముదురు. అట్టి రాళ్లను ఓపికతో చదివి, తెలుగువారి పూర్వచరిత్రమును తెలుగుననే చెప్పవలెనని శ్రమించిన మహనీయుడు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు.

ఆయన 1877వ సంవత్సరము మే 18వ తేదీన నాటి కృష్ణామండలములోని పెనుగంచిప్రోలున జన్మించిరి. మూడేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. అక్కగారైన అచ్చమాంబ భర్త భండారు మాధవరావుగారు నాగపుర ప్రాంతమున ఇంజనీరు. బాలుడు వారియొద్ద పెరిగి చదువుకొనెను. అచ్చమాంబ బడికి పోయినది కాదు. తమ్మునికి పాఠము చెప్పునపుడు చెంత కూర్చుండి చదువు నేర్చెను! ఆమెయే పిమ్మట అబలా సచ్చరిత్ర రత్నమాల యను గ్రంథమున స్త్రీల చరిత్రములు వ్రాసెను.

నాగపురమున లక్ష్మణరావుగారికి మరాఠీ రెండవ మాతృభాష యయ్యెను. మహారాష్ట్ర పండితులు పాత జాబులను, దస్త్రములను వెదకి ప్రకటించుచున్న కాలమది. ఆ పరిశ్రమ ఆయన మనస్సున నాటుకొన్నదనుటకు తరువాతి జీవితమే సాక్ష్యము. యౌవనారంభముననే తెలుగున శివాజీ చరిత్రము రచించిరి. ఎం.ఏ. పట్టము పొంది మునగాల జమీందారగు నాయని వేంకటరంగారావుగారి యొద్ద దివానుగా కొలువు చేసిరి.

ఆనాటి పాఠశాలలలో ఇంగ్లండు రాజుల పేళ్లు వరుసగా అప్పగింపగల బాలునకు కాకతీయ గణపతిదేవు డెవరో తెలియకుండెను. తెలియజెప్పు తెలుగు పుస్తకము ఉండవలెను గదా! 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకు, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపనకు ఆయన ముఖ్య కారకులైరి. మండలి తొలి గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము. స్వదేశచరిత్ర కావలెననువారు పరదేశచరిత్రను త్రోసివేయలేదు, ఇది గమనింపదగినది. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మొదటి భాగమును 1910లో ఈ మండలియే ప్రకటించెను.

లక్ష్మణరావుగారికి వినికిడి చాలదు, ఆధారము చూపవలెను. శాసనము ఆధార మెట్లగునో విద్యార్థులు తెలిసికొనవలెను. హనుమకొండ వేయిస్తంభముల గుడిలోని రుద్రదేవుని శాసనమున శకవర్షము 1084 అని యున్నది. దానికి 78 కలిపిన 1162 వచ్చును. శకవర్షము చైత్రమున మొదలగును గనుక, మాఘమాసమున వేసిన యీ శాసనమునకు 79 కలుపవలెను. అనగా అది 1163. ఒక్క సంవత్సరమే గదా యని విడిచిన, ఏ రాజు ముందో, ఏ యుద్ధము వెనుకయో తాఱుమాఱగును. ఇట్టి పరిశీలనముతో వ్రాసిన ఆయన వ్యాసములు లక్ష్మణరాయ వ్యాసావళి యను పేర వెలసినవి.

అన్నిటికంటె గొప్ప పూనిక ఆంధ్ర విజ్ఞానసర్వస్వము. సకల శాస్త్రవిషయములను అక్షరక్రమమున తెలుగున చెప్ప నుద్దేశించి, పెక్కు వ్యాసములు తామే వ్రాసిరి. మూడు సంపుటములు వెలువడినవి. అవి అకారమును దాటలేదు. 1923 జూలైలో మద్రాసున ఆయన కన్నుమూసిరి. అప్పటికి వయస్సు నలువదియాఱేండ్లు.

హైదరాబాదులోని పరిశోధక మండలి ఆయన స్మృత్యర్థము లక్ష్మణరాయ పరిశోధక మండలి యని పేరు మార్చుకొనెను. ఆ మండలివారు పలుచోట్ల శాసనములకు ప్రతులు తీయించి, 1935లో తెలంగాణా శాసనములు అను సంపుటమును ప్రకటించిరి.