పులుల వేటలో పేరుమోసిన ఆరో నిజాం

మాచవరం: లేని ప్రతాపం చెప్పుకొనేవాడిని మన పల్లెల్లో తీస్‌మార్‌ఖాన్ అని ఎగతాళి చేస్తారు. తీస్ అంటే ముప్పై. ముప్పై ఈగల్ని చంపి వీరుడినని చెప్పుకొన్నవాడి కథ ఒకటి ఉత్తరాదిన ప్రచారంలో ఉంది. హైదరాబాదు పాతబస్తీ వారు మాత్రం ఆ బిరుదును ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్‌కు అంటగడతారు. ఆయన చంపినవి ఈగలు కావు, పులులు. తక్కువలో తక్కువ 33 అని లెక్క చెబుతారు.

ఆయన సంగతి మనకెందుకని అనుకోనక్కరలేదు. వేమవరం, రేకులగడ్డ దగ్గర కృష్ణ ఒడ్డున నిలబడితే కనిపించే అవతలి గట్టు 1948 సెప్టెంబరు దాకా నైజాం ఇలాకా. గుంటూరు సీమ 1788లోనే ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయింది. అందుచేత ఒకే ఏటికి ఇవతల తెల్లదొరల చట్టం, అవతల నిజాం చట్టం నడిచాయి. 1878లో వచ్చిన ఆయుధాల చట్టంతో ఇవతలి రైతుకు తుపాకీ కావాలంటే లైసెన్సు తప్పనిసరి అయింది.

మహబూబ్ అలీఖాన్ 1866 ఆగస్టులో పుట్టారు. తండ్రి అఫ్జలుద్దౌలా 1869లో చనిపోతే రెండున్నరేళ్ళ పసివాడిని గద్దె మీద కూర్చోబెట్టారు. రాజ్యం నడిపింది దివాను సాలార్‌జంగ్. పిల్లవాడికి ఉర్దూ, పారసీలతో పాటు ఇంగ్లీషు చెప్పడానికి దొరను కుదిర్చారు. తెలుగు కూడా బాగా వచ్చునని, పద్యాలు కట్టేవారని చెబుతారు. 1883లో సాలార్‌జంగ్ కన్నుమూశారు. మరుసటి ఏడు ఫిబ్రవరి 5న వైస్రాయి రిప్పన్ హైదరాబాదు వచ్చి యువ నిజాంకు పూర్తి అధికారాలు అప్పగించారు.

అధికారం చేతికి వచ్చినా ఆయన మనసు కచేరీ కాగితాల మీద కంటే గుర్రాల మీద, తుపాకుల మీద ఉండేది. గాలిలోకి ఎగరేసిన రూపాయి నేల మీద పడకముందే గుండుతో కొట్టేవారని చెప్పుకొనేవారు. ఆనాటి రాజుల చేతుల్లోని రైఫిళ్ళ గురించి కొంచెం చెప్పాలి. మన పల్లెల్లో పెద్దలు ఎరిగినది నాటు తుపాకీ. మూతిలో మందు పోసి, గుడ్డపీలిక దోపి, ఇనుప గుళ్ళు వేసి కడ్డీతో దట్టించాలి. ఒకసారి పేలితే మళ్ళీ సిద్ధం చేసేలోగా పంది పొలిమేర దాటిపోతుంది. రాజుల రైఫిల్ అలాంటిది కాదు. గొట్టం లోపల మరలాగా మెలికలు చెక్కి ఉంటాయి. ఆ మెలికల వెంట గుండు గిరగిర తిరుగుతూ బయలుదేరి సూటిగా పోతుంది. తూటా వెనకనుంచి పెట్టాలి. పక్కపక్కనే రెండు గొట్టాలు ఉంటాయి గనుక, మొదటి దెబ్బ తప్పి పులి మీదికి దూకితే రెండోది వెంటనే పేల్చవచ్చు. లండన్, బర్మింగ్‌హామ్ పనివారు ఒక్కొక్క తుపాకీని నెలల తరబడి చేత్తో చేసేవారు. అక్రోటు చెక్కతో చేసిన మడమ కొనేవాడి భుజం కొలతకు తగ్గట్టు ఉండేది. మొదట్లో నల్లమందు వాడటం వల్ల పేల్చగానే దట్టమైన పొగ లేచి ఎదురుగా పులి పడిందో, మీదికి వస్తోందో తెలిసేది కాదు. పొగలేని మందు 1890ల తర్వాత వాడకంలోకి వచ్చాక ఆ గండం తప్పింది. పాత తుపాకులంటే ఇప్పటికీ ముచ్చటపడేవారు ఉన్నారంటే ఆ పనితనం చూసే. ఆ మాట ఒప్పుకోవాలి.

నిజాం వేటకు కదిలితే ఒక ఊరు కదిలినట్టే. డేరాలు, ఏనుగులు, గుర్రాలు, వంటవాళ్ళు, పల్లకీలు ముందుగా పోయేవి. వరంగల్ వైపు పాకాల అడవులు పేరుమోసిన వేట తావులు. 1889లో సికింద్రాబాదు నుంచి వరంగల్ మీదుగా బెజవాడకు రైలు పడ్డాక అడవి మరీ దగ్గరైంది. పులి జాడ తీసిన షికారీలు దున్నదూడను కట్టివేసేవారు. రాత్రి పులి దాన్ని చంపి తిని దగ్గరలోనే పొదలో పడుకొంటుంది. తెల్లవారాక వందల మంది డప్పులు, తప్పెట్లు కొట్టుకొంటూ, కేకలు వేసుకొంటూ మూడు పక్కలనుంచి అడవిని తోలుతారు. నాలుగో పక్క మంచె మీదనో, ఏనుగు అంబారీలోనో దొర కూర్చుని ఉంటాడు.

పెద్ద పెద్ద అతిథులు ఈ వేటకు వచ్చారు. 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ వచ్చి నైజాం అడవుల్లో పులి వేటాడాడు. ఇరవయ్యొక్క ఏళ్ళకు, 1914 జూన్‌లో, సరయేవో నగరంలో ఆయనే పిస్తోలు గుండుకు బలయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధం అక్కడే రాజుకొంది. 1902లో వైస్రాయి కర్జన్, భార్య సమేతంగా వరంగల్ దగ్గరి నెక్కొండకు వచ్చి వేటాడాడు. చచ్చిన పులి దగ్గర ఆ దంపతులు నిలబడిన ఫొటోను నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీనదయాళ్ సంస్థ తీసింది. నేటికీ ఆ ఫొటో పుస్తకాల్లో అచ్చవుతూనే ఉంది.

ఆ ఫొటోలో లేనివారు కొందరున్నారు. చేతిలో కర్ర తప్ప మరేమీ లేకుండా పులి ఉన్న పొదలోకి నడిచినవారు చుట్టుపక్కల పల్లెల కూలివారు, అడవి జాతులవారు. గాయపడిన పులి వెనక్కి తిరిగితే ముందుగా ఎదురయ్యేది వీరే. బిరుదు రాజుకు వచ్చింది. జాడ తీసినవాడి పేరు ఏ పటం కిందా రాయలేదు. పాత వేటల ముచ్చట చెప్పేవారు ఈ సంగతి ఎత్తరు.

మహబూబ్ అలీఖాన్‌ను జనం తలుచుకొన్నది వేట ఒక్కదానికే కాదు. పాము కరిచినవారికి ఆయన విరుగుడు ఇచ్చేవారని, అర్ధరాత్రి అయినా నిద్ర లేపమని నౌకర్లకు ఆజ్ఞ ఉండేదని చెప్పుకొనేవారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. వేలమంది కొట్టుకుపోయారు. ఆ రోజుల్లో నిజాం తన దేవిడీల తలుపులు తెరిపించి నిలువనీడ లేనివారికి చోటిచ్చారు, అన్నం పెట్టించారు. బ్రాహ్మణుల సలహాపై ఏటికి చీరా పసుపూ కుంకుమలు సమర్పించారని కూడా ప్రతీతి. జనానికి ఆయన మహబూబ్ పాషా అయింది ఇందుకే. తుపాకీ గురి మెచ్చుకోదగిందే గాని, ఈ వ్యాసకర్తకు ఆ వరద నాటి నిజామే పెద్దగా కనిపిస్తాడు.

1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా భవనంలో ఆయన కన్నుమూశారు. వయసు 45 ఏళ్ళు. చార్మినార్ పక్కన మక్కా మసీదు ఆవరణలో వరుసగా ఉన్న అసఫ్‌జాహీల సమాధుల్లో ఆయనదీ ఒకటి.

రాజులు పోయినా తుపాకులు ఆగలేదు. లైసెన్సు ఉన్నవారూ లేనివారూ, జీపు ఉన్నవారూ అడవి మీద పడ్డారు. 1972లో దేశమంతటా లెక్క తీస్తే పులులు సుమారు 1,827 మాత్రమే తేలాయి. ఆ ఏడే వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. 2022 లెక్కలో ఆ సంఖ్య సుమారు 3,682కు చేరింది. పందులు తొక్కిన మొక్కజొన్న చేను చూసుకొన్న రైతు తుపాకీ రోజులే నయమని అనుకోవడం సహజం. ఆ నష్టం నష్టమే. అయితే తుపాకీ పోయిందని చేను చుట్టూ కరెంటు తీగ కడితే పందితో పాటు నీరు పెట్టడానికి వెళ్ళిన మనిషీ పోతున్నాడు. నాటు తుపాకీ కంటే అది ఘోరం.

1890లో పాలమూరుకు మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టి మహబూబ్‌నగర్ చేశారు. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఏర్పడినప్పుడు మన గుంటూరు, ప్రకాశం, కర్నూలు, నల్గొండ జిల్లాల అడవులతో పాటు అందులో కలిసిన అయిదో జిల్లా ఆ మహబూబ్‌నగరే.