దేవుణ్ణెరుగని అభిషిక్తుడు

క్రీస్తుపూర్వం 539లో మహానగరం బబులోను ద్వారాలు ఒక పరదేశి రాజు సైన్యానికి యుద్ధం లేకుండానే తెరుచుకున్నాయి. ఆయనే పారసీక చక్రవర్తి కోరెషు. చరిత్ర ఆయన్ను మహా సైరస్‌ అంటుంది.

ఆయన పుట్టుకే గండమని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్‌ రాశాడు. మనవడు తన రాజ్యం లాక్కుంటాడని కలగన్న మాదీయ రాజు అస్త్యాగెస్‌ ఆ పసికందును చంపమన్నాడట. పశువుల కాపరి ఇంట్లో ఆ బిడ్డ బతికి పెరిగాడట. ఆ కథ ఎలా ఉన్నా, అన్షాను అనే చిన్న రాజ్యానికి రాజైన కోరెషు క్రీ.పూ. 550లో అస్త్యాగెస్‌ను ఓడించాడు. ఆ తర్వాత ఐశ్వర్యానికి మారుపేరైన లిడియా రాజు క్రోయెసస్‌నూ జయించాడు. చివరికి బబులోనుకొచ్చాడు.

అప్పటికి అక్కడ యూదులు చెరలో ఉన్నారు. నెబుకద్నెజరు క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము ఆలయాన్ని కాల్చి, దాని ఉపకరణాలను దోచుకెళ్లాడు. రాజు లేడు, ఆలయం లేదు, సైన్యం లేదు. మిగిలింది ప్రవక్తల మాటే! దేవుడు కోరెషును పేరుపెట్టి పిలిచాడని, అతనే తన కాపరి, తన అభిషిక్తుడని యెషయా గ్రంథం ప్రకటించింది (44:28, 45:1). దావీదు వంశపు రాజులకు దక్కిన బిరుదు అన్యుడికా? అయితే అతను తనను ఎరుగడని కూడా దేవుడే అక్కడ స్పష్టం చేశాడు.

అది అక్షరాలా నిజం. 1879లో బబులోను శిథిలాల్లో దొరికి, ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్‌ మ్యూజియంలో ఉన్న మట్టి శాసనంలో కోరెషు విజయం బబులోను దేవుడు మర్దూకుకే ఆపాదించబడింది. చెయ్యి పట్టుకుని, పేరుపెట్టి పిలిచింది మర్దూకేనని అందులో ఉంది. తనను నడిపించిందెవరో తెలియకుండానే చక్రవర్తి నడిచాడు!

మరుసటి ఏడు యూదులు స్వదేశానికెళ్లి ఆలయం కట్టుకోవచ్చని ఆయన ఆజ్ఞ ఇచ్చాడు. దోచుకొచ్చిన 5,400 బంగారు, వెండి ఉపకరణాలను లెక్కపెట్టి అప్పగించాడు. 42,360 మంది తిరిగివచ్చారని ఎజ్రా గ్రంథం చెబుతోంది. పునాది పడింది. కాని శత్రువులు అడ్డుకోవడంతో పని ఆగింది. క్రీ.పూ. 530లో కోరెషు చనిపోయాడు. ఆలయం మొండి పునాదిగానే ఉండిపోయింది.

ఇక అంతేనా? కాదు. ఏళ్లు గడిచాక దర్యావేషు కాలంలో హగ్గయి, జెకర్యా ప్రవక్తల ప్రోత్సాహంతో పని మళ్లీ మొదలైంది. ఎవరి అనుమతితో కడుతున్నారని అధికారులు నిలదీశారు. వెదికితే మాదీయుల దేశంలోని ఎక్బతానా కోటలో కోరెషు ఆజ్ఞాపత్రం దొరికింది. ఆలయ కొలతలు, ఖర్చు రాజు ఖజానా నుండే ఇవ్వాలన్న మాట అందులో ఉన్నాయి. నిలదీసిన అధికారులే రాజు సొమ్ములోంచి ఆ ఖర్చు చెల్లించాల్సి వచ్చింది. దర్యావేషు ఆరో ఏట ఆలయం పూర్తయింది.

ఇరాన్‌లోని పసర్గాదెలో కోరెషు రాతి సమాధి నేటికీ ఉంది. అందులో ఆయన లేడు. ఆయన సామ్రాజ్యమూ లేదు. దేవుడు ఆయన చేత రాయించిన ఆజ్ఞ మాత్రం తన పని ముగించుకునే ఆగింది. పాలకులు మారినప్పుడల్లా హడలిపోయే మనం, వారిని పొగిడేవారమైనా తిట్టేవారమైనా, ఒకటి గుర్తుంచుకోవాలి. సింహాసనాల మీద కూర్చునేవారు వస్తారు, పోతారు. వారిని కూర్చోబెట్టే దేవుని మాట మాత్రం ఏ కోటలో మరుగున పడి ఉన్నా సమయానికి బయటికొస్తుంది.