దారం లేని గాలిపటం

సంక్రాంతి నాళ్లలో సుల్తాన్ బజారు మేడలమీద నిలిచి చూచినవారికి ఒక సంగతి తెలిసియే ఉంటుంది. చేతిలో దారమున్నంతసేపు గాలిపటం ఆకాశాన రాజువలె నిలుస్తుంది. దారం తెగిన మరుక్షణమే తల వాల్చి, పల్టీలు కొట్టి, ఏ ఇంటి కప్పుమీదనో, ఏ కరెంటు తీగమీదనో చిక్కుకొంటుంది. దానికి నిలకడ నిచ్చినది గాలి ఒక్కటే కాదు. దారాన్ని పట్టిన చేయి కూడా. ఆ చేయి లేకుండ తనంత తాను నిలకడగా ఎగరగల వస్తువును నిర్మించడం సాధ్యమా? పందొమ్మిదవ శతాబ్దంలో ఎందరో మేధావులను వేధించిన ఈ ప్రశ్నకు సమాధానం చూపినవాడు, ఊతకర్రల సాయంతో నడిచే ఒక ఫ్రెంచి యువకుడు. అతని పేరు ఆల్ఫోన్స్ పేనో.

పేనో 1850 మే 31వ తేదీన ప్యారిస్ నగరంలో జన్మించినాడు. తండ్రి నౌకాదళంలో అడ్మిరల్. ఆ ఇంటి బిడ్డలకు సముద్రమే ఉద్యోగం, సముద్రమే గౌరవం. కాని తుంటి ఎముకకు సోకిన వ్యాధి పేనోకు ఆ మార్గాన్ని మూసివేసినది. ఓడ యెక్కలేని ఆ బాలుని చూపు ఆకాశంవైపు మళ్లినది.

ఎగిరే బొమ్మలు అంతకు పూర్వమూ లేకపోలేదు. వాటిని నడపడానికి వింటినారి, ఉక్కు స్ప్రింగు మొదలైనవి వాడేవారు. అవి బరువు, వాటి శక్తి క్షణంలో తీరిపోయేది. పేనో 1870లో రబ్బరును పురిపెట్టి దానిచేత పంఖాను తిప్పించినాడు. చవకయిన ఆ చిన్న ఉపాయంతో బొమ్మకు చాలినంత బలమూ, తగినంత వ్యవధీ చేకూరినవి.

మరుసటి సంవత్సరం ప్యారిస్ పడరాని పాట్లు పడినది. ప్రష్యా సేనల ముట్టడి, ఆ వెనుక అంతఃకలహం. ట్యూలరీ రాజప్రాసాదం మే నెలలో తగులబడిపోయినది. దాని ప్రక్కనున్న ఉద్యానంలోనే 1871 ఆగస్టు 18వ తేదీన కొందరు విమానవిద్యాభిమానులు గుమికూడినారు. పేనో తీసుకువచ్చినది రెక్కలు 45 సెంటీమీటర్లు, బరువు 16 గ్రాములుగల ఒక చిన్న నమూనా. అతడు రబ్బరును మెలిపెట్టి వదలగానే అది తిన్నగా పయనించి, 11 సెకన్లలో సుమారు 40 మీటర్లు ఎగిరినది.

ఆ బొమ్మ గొప్పతనమంతా దాని తోకలో ఉన్నది. ప్రధానమైన రెక్కకన్న తోకరెక్కను కొంచెం క్రిందికి వాల్చి అమర్చినాడు. ముక్కు వంగితే వేగం హెచ్చుతుంది. హెచ్చిన గాలి తోకను క్రిందికి నొక్కుతుంది. ముక్కు తిరిగి లేస్తుంది. ముక్కు మితిమీరి లేస్తే తోక పైకి లేచి దానిని దించుతుంది. రెక్కల కొనలు పైకి వంచి ఉండుటచేత ప్రక్కలకు ఒరగడమూ సర్దుకొంటుంది. అదృశ్యమైన చేయి యేదో దారం పట్టినట్లే!

బొమ్మతో అతని కోరిక తీరలేదు. 1876లో పాల్ గోషో అనే యంత్రకారునితో కలిసి మనుష్యులు ప్రయాణింపదగిన విమానానికి పేటెంటు పొందినాడు. ఎదురుబొదురుగా తిరిగే రెండు పంఖాలు, లోపలికి ముడుచుకొనే చక్రాలు, చోదకునికి గాజు కప్పు, తోకలోని చుక్కానులను నడపడానికి ఒకే మీట—రాబోయే విమానానికి కావలసిన అంగాలెన్నో ఆ కాగితాలపై ఉన్నవి. లేనిదల్లా తేలికయిన యంత్రం. ఆనాటి ఆవిరి యంత్రాలు బరువుకు తగిన బలం ఇవ్వలేవు. ధనం పెట్టేవారు లేరు, పరిహసించేవారు ఉన్నారు. 1852లో ఆవిరి శక్తితో ఆకాశనౌక నడిపిన హెన్రీ జిఫార్ సాయంచేస్తాడని ఆశించినాడు. ఆ ఆశా ఫలించలేదు. తన చిత్రపటాలన్నీ శవపేటికవంటి ఒక పెట్టెలో ఉంచి, జిఫార్ ఇంట అప్పగించి వచ్చినాడని చరిత్రకారులు చెబుతారు. 1880 అక్టోబరులో, ముప్పదియేండ్ల ప్రాయంలో, పేనో తన ప్రాణాన్ని తానే తీసుకొన్నాడు.

అతడు మరి రెండేండ్ల వెనుకటి ఒక చిన్న సంఘటనను ఎరిగియుంటే ఎంత బాగుండేది! 1878లో అమెరికాలో ఒక మతాచార్యుడు తన కుమారులకు ఒక ఆటబొమ్మ తెచ్చి యిచ్చినాడు. బెండు, వెదురు, కాగితాలతో చేసి, పురిపెట్టిన రబ్బరుతో పైకెగిరే ఆ బొమ్మ పేనో కల్పించిన తరహాకు చెందినదే. పిల్లలు దానికి గబ్బిలమని పేరు పెట్టుకొన్నారు. అది విరిగిపోతే మళ్లీ మళ్లీ చేసికొన్నారు. వారే విల్బర్ రైట్, ఆర్విల్ రైట్. 1903 డిసెంబరు 17న వారి విమానం మొదటిసారి ఎగిరినది 12 సెకన్లు; పోయిన దూరం 37 మీటర్లకు లోపు. ఇంచుమించు ట్యూలరీ తోటలో ఆ బొమ్మ చూపిన లెక్కే!

తరువాత 1937లో అమెరికాలోనే విలియం, వాల్టర్ గుడ్ అనే సోదరులు నమూనా విమానాన్ని నేలమీద నిలిచి రేడియోతో నడిపినారు. అదృశ్యమైన దారం మళ్లీ మనిషి చేతికి వచ్చినది. నేడు ఎన్.సి.సి. వాయుదళ విభాగంలో విద్యార్థులు కట్టే నమూనాలలోనూ తోకకు, రెక్కకు మధ్యనున్న ఆ స్వల్పమైన వాలు కనబడుతుంది.

తరగతిగదిలో వెనుక బల్లమీద కాగితపు విమానం మడిచే బాలునిపై కోపగించుకొనేముందు, ఒక్కమారు దాని తోకను పరికించి చూడడం మంచిది. జిఫార్ ఇంట చేరిన ఆ పెట్టెవంటిది మరొకటి ఏ గుమ్మం ముందరా నిలువకూడదు.