నగరసభలో సింహం

పోయిన సంవత్సరం మా హాస్టల్లో మెస్ కమిటీకి నన్ను ఎన్నుకున్నారు. ఏడుగురు సభ్యుల్లో నేనొకణ్ణి. ఎన్నికైన మూడో రోజునే స్టోరు గదికి వెళ్లి, బియ్యం లెక్కల పుస్తకం చూపించమని అడిగాను. స్టోరు గుమాస్తా ఇవ్వనన్నాడు. వార్డెను గారి దగ్గరికి వెళితే, కమిటీ తీర్మానం చేసి అడిగితే చూపిస్తామనీ, ఒక్క సభ్యుడు వచ్చి అడిగితే చూపించే పద్ధతి లేదనీ ఆయన చెప్పారు. నాకు ఒళ్లు మండింది. ఓట్లేసి పంపింది మరెందుకు అనుకున్నాను. రాజీనామా కాగితం రాసి జేబులో పెట్టుకున్నాను కూడా.

సరిగ్గా ఆ రోజుల్లోనే లైబ్రరీలో ఫిరోజ్‌షా మెహతా జీవితం చదవడం తటస్థించింది. నేను రసాయనశాస్త్రం చదివేవాణ్ణి. చరిత్రతో నా పరిచయం స్కూలు పుస్తకాలతో సరి. కాంగ్రెసు తొలినాటి పెద్దల పేర్లలో ఆయన పేరొకటని మాత్రం తెలుసు. నన్ను వేధిస్తున్న ప్రశ్నతో ఆ మహానుభావుడు తన జీవితంలో అధికభాగం కుస్తీ పట్టాడని అప్పుడే తెలిసింది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఫిరోజ్‌షా 1845 ఆగస్టు 4న బొంబాయిలో ఒక పార్శీ వర్తక కుటుంబంలో పుట్టాడు. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదివి 1864లో పట్టభద్రుడయ్యాడు. జెజీభాయ్ కుటుంబంవారి విద్యార్థి వేతనంతో లండను వెళ్లి, లింకన్స్ ఇన్‌లో న్యాయశాస్త్రం చదివాడు. అక్కడే దాదాభాయ్ నౌరోజీతో సాన్నిహిత్యం ఏర్పడింది. 1868లో బారిస్టరై తిరిగివచ్చాడు. వచ్చేసరికి బొంబాయిలో మునిసిపాలిటీ గొడవ రాజుకుంటోంది.

ఆ గొడవ సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1865 చట్టం ప్రకారం ఊరి పరిపాలనంతా మునిసిపల్ కమిషనర్ అనే ఒక్క అధికారి చేతిలో పెట్టారు. ఆయన్ను కనిపెట్టి ఉండవలసినవారు జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే బిరుదుగల పెద్దమనుషులు. వీళ్లను నియమించేది ప్రభుత్వమే. ప్రజల ఓటుతో నిమిత్తం లేదు. మొదటి కమిషనర్ ఆర్థర్ క్రాఫర్డ్ మహా దూకుడు మనిషి. రోడ్లు, మురుగు కాలువలు, మార్కెట్లు అంటూ ఊరి రూపు మార్చాడు. 1869లో తయారైన పెద్ద మార్కెట్టుకి ఆయన పేరే పెట్టారు. తరువాతి కాలంలో దానికి మహాత్మా జ్యోతిబా ఫూలే పేరు వచ్చింది. పనులు జరిగిన మాట నిజమే గాని, ఖర్చు మంజూరును దాటి పరుగెత్తింది. 1871 నాటికి లోటు పెరిగింది, పన్నులు బరువయ్యాయి, జనం మండిపడ్డారు.

ఊళ్లో పెద్దలంతా ఒక్క మాట మీద నిలబడ్డారు. కమిషనర్ పదవే తీసేయాలి, పాలన మొత్తం కొందరు సభ్యుల మండలికి అప్పగించాలి అన్నారు. ఆ సంవత్సరం నవంబరులో ఫ్రాంజీ కావస్జీ ఇన్‌స్టిట్యూట్‌లో జరిగిన సభలో మెహతా ఒక వ్యాసం చదివాడు. అప్పటికి ఆయన వయస్సు 26. ఏరు పారేవైపు కాక ఎదురు ఈదాడన్నమాట. పనిచేసే చెయ్యి ఒక్కటే ఉండటం తప్పు కాదన్నాడు. ఆ చేతిని పట్టి అడిగేవాళ్లు ప్రజలకు జవాబుదారీ కాకపోవడమే తప్పన్నాడు. సభ్యులందరూ కలిసి ఆఫీసులు నడిపితే రేపు తప్పు జరిగినప్పుడు పట్టుకోవడానికి ఎవరూ దొరకరు. కనుక కార్యనిర్వహణ ఒక్కడి చేతిలో ఉంచి, వాణ్ణి లెక్క అడిగే సభను ఓటర్లు ఎన్నుకోవాలి, ఇదీ ఆయన వాదం. ఆనాటి సభికుల్లో చాలామందికి ఇది రుచించలేదు.

ఇది చదివినప్పుడు నాకు మా ఊరి కాలువ గుర్తొచ్చింది. మా నాన్న ఒకప్పుడు నీటి సంఘంలో సభ్యుడు. నీటి ఎద్దడి రోజుల్లో ఒక సభ్యుడొచ్చి తూము ఎత్తమనేవాడు. గంట తిరక్కుండా ఇంకొకడొచ్చి దించమనేవాడు. పాపం, లస్కరు ఎవరి మాట వినాలి? చేను ఎండితే ఎవరిని నిలదీయాలి? ఒక ఏడాది సంఘమంతా కూర్చుని వంతులు రాసి, లస్కరుకి ఒకే కాగితం ఇచ్చారు. ఆ ఏడు చివరి పొలాలకు కూడా నీరందింది. ఒకవేళ అందకపోయినా, కాగితం చూపించి లస్కరుని అడిగే వీలుండేది. మెహతా బొంబాయి గురించి చెప్పింది ఇంచుమించు ఇదే.

1872లో కొత్త చట్టం వచ్చింది. 64 మంది సభ్యుల కార్పొరేషన్ ఏర్పడింది. అందులో సగంమందిని, అంటే 32 మందిని, పన్ను కట్టేవాళ్లు ఎన్నుకుంటారు. ఓటు కలిగినవారే ఎన్నుకున్నారు గాని, ఓటు అందరికీ లేదు. కూలీనాలీ జనానికి అందులో చోటు లేదు. అయినా అది పెద్ద అడుగే. మెహతా ఆ సభలో అడుగుపెట్టి, కన్నుమూసేదాకా దాన్ని అంటిపెట్టుకునే ఉన్నాడు. 1884లోనూ, ఆ మరుసటి ఏడూ, మళ్లీ 1905లోనూ అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. జనం ఆయన్ను బొంబాయి సింహమన్నారు.

1887లో ప్రభుత్వం ఇంకో బిల్లు తెచ్చింది. అది కమిషనర్ వైపు మొగ్గింది. శాసనసభలో ఉన్న మెహతా, కాశీనాథ్ త్ర్యంబక్ తెలంగ్ ఇద్దరూ కలిసి దాన్ని పట్టుబట్టి మార్పించారు. అలా తయారైనదే 1888 నాటి బొంబాయి మునిసిపల్ చట్టం. సభ్యులు 72 మంది అయ్యారు. నగర పాలన కార్పొరేషన్‌ది, కార్యనిర్వహణ కమిషనర్‌ది, నడుమ 12 మందితో స్టాండింగ్ కమిటీ అని పంపకం జరిగింది.

నాకు కావలసిన జవాబు ఇందులోనే ఉంది. కార్పొరేషన్ కోరితే ఏ రికార్డైనా, ఉత్తర ప్రత్యుత్తరమైనా, లెక్కైనా కమిషనర్ సభ ముందు పెట్టాలి. ఇప్పుడే చూపిస్తే నష్టమని ఆయనకు తోస్తే కొద్దికాలం వాయిదా వేయవచ్చు. సభ మళ్లీ అడిగినా ఆయన వద్దంటే, కొద్దిమందితో కమిటీ వేసి ఆ కాగితం వాళ్లకు చూపించాలి. గమనించండి: అడిగే హక్కు కార్పొరేషన్‌ది. ఒక్క సభ్యుడు తనంతట తాను ఇంజనీరు ఆఫీసులోకో పన్నుల విభాగంలోకో వెళ్లి బీరువా తెరవమనే హక్కు అందులో లేదు.

ఎందుకిలా? ఒక్కో సభ్యుడికీ విడిగా తనిఖీ అధికారమిస్తే 72 మంది 72 కమిషనర్లవుతారు. ఒకడు నిజాయితీతో ఫైలు అడుగుతాడు. ఇంకొకడు తన కంట్రాక్టరు బావమరిది కోసం అదే ఫైలు అడుగుతాడు. గుమాస్తాకి ఇద్దరూ ఒకటే, ఇద్దరికీ భయపడతాడు. అదే పని సభ తీర్మానంతో జరిగితే, ఎందుకు అడుగుతున్నామో నలుగురిలో చెప్పాలి. అడిగిన వాడి ఉద్దేశం కూడా అందరి కళ్లముందుకి వస్తుంది.

అయితే ఈ కట్టుబాటుకి ఖరీదు లేకపోలేదు. సభ్యుల్లో ఎక్కువమంది కళ్లు మూసుకుంటే, కళ్లు తెరిచిన ఒక్కడు ఏం చేయగలడు? మెహతాకే ఈ అనుభవం తప్పలేదు. 1907లో కొందరు తెల్లదొరలు, వారిలో పెద్ద ఉద్యోగులు కూడా, జట్టుకట్టి ఆయన్ను కార్పొరేషన్‌లోకి రానివ్వకూడదని పూనుకున్నారు. ఆ జట్టుకి కాకస్ అని పేరు పడింది. జస్టిస్‌లు ఎన్నుకోవలసిన స్థానాలు 16. మెహతా 17వ వాడయ్యాడు. గెలిచినవారిలో ఒకరి ఎన్నిక చెల్లకపోవడంతో చివరికి ఆయనకే చోటు దక్కింది. దశాబ్దాలుగా సభను నిలబెట్టినవాణ్ణి ఓట్ల లెక్క ఒక్క పూటలో గుమ్మం బయటికి నెట్టబోయింది. సభ బలం ఎంతటిదో, సభ ప్రమాదం కూడా అంతటిదే.

దీనికి ఆయన వెతికిన మందు చట్టంలో లేదు, ఆయన అలవాటులో ఉంది. బడ్జెటు అంకెలూ చట్టం సెక్షన్లూ క్షుణ్ణంగా చదువుకుని సభకి రావడం, వాదించడం, ఓడితే మళ్లీ వాదించడం. 1890లో కాంగ్రెసు అధ్యక్షుడైనా, 1904లో సర్ బిరుదు వచ్చినా, 1913లో బొంబాయి క్రానికల్ పత్రిక పెట్టినా, నగరసభ కుర్చీ మాత్రం వదల్లేదు. 1915 నవంబరు 5న మరణించాడు. బొంబాయి కార్పొరేషన్ భవనం ముందు ఆయన విగ్రహం నిలబెట్టారు.

ఆ చట్టం నీడ మన దాకా వచ్చింది. హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ల కోసం చేసిన 1955 నాటి చట్టంలోనూ కార్పొరేషన్, స్టాండింగ్ కమిటీ, కమిషనర్ అనే మూడు అంగాల పద్ధతే ఉంది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చాక చిత్రమైన సంగతొకటి జరిగింది. సభ్యుడిగా ఒంటరిగా అడగలేని కాగితాన్ని, మామూలు పౌరుడిగా అర్జీ పెట్టి అడిగే దారి ఏర్పడింది. మెహతా కాలంలో అది లేదు.

ఇక మా మెస్ సంగతి. రాజీనామా ఇవ్వలేదు. కమిటీలో తీర్మానం పెట్టాను. మొదటిసారి నాతో కలిపి ఇద్దరమే. గది గదికీ తిరిగి మిగతావాళ్లతో మాట్లాడాను. మరుసటి నెల ఐదుగురమయ్యాం. పుస్తకం వచ్చింది. నేను అనుమానించిన బియ్యం లెక్క గింజ తేడా లేకుండా సరిపోయింది. అతిథుల భోజనాలు నేను లెక్కలోకి తీసుకోలేదు. పాల లెక్కలో మాత్రం తేడా కనిపించింది, దాన్ని సరిచేయించాం. ఆ మొదటి రోజున పుస్తకం నా ఒక్కడి చేతికిచ్చి ఉంటే, సాయంత్రానికల్లా ఒక నిర్దోషిని దొంగని చేసి హాస్టలంతా చాటేవాణ్ణి. ఆ తరువాత గుమాస్తా గారికి క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

వచ్చే ఏడు కమిటీలకు ఎన్నికయ్యే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పగలిగింది ఇంతే. తలుపు తెరవలేదని అలిగి వెళ్లిపోకండి, ఒంటరిగా తలుపు తన్నకండి. పక్కవాణ్ణి ఒప్పించి వెంట తీసుకెళ్లండి. ఆలస్యమవుతుంది, నిజమే. మెహతాకి నలభై ఏళ్లకు పైగా పట్టింది.